టచప్ సీసా, రబ్బింగ్ కాంపౌండ్, స్ప్రే డబ్బా: విశాఖ కారుకి ఏది అక్కరకొస్తుంది

అనకాపల్లి వైపు నుంచి జాతీయ రహదారి మీద కంకర టిప్పర్ల వెనకాల నాలుగుసార్లు వచ్చిన ఏ కారు బోనెట్ అంచు చూసినా ఆవగింజంత పెచ్చులు నాలుగైదు కనిపిస్తాయి. పొడిగాలి ఊళ్ళలో వాటిని ఏడాది వదిలేసినా కొంప మునగదు. విశాఖలో అలా కుదరదు. ఇక్కడి గాలిలో తేమకి ఉప్పు తోడు. రాత్రి తడిసి, పొద్దున ఆరి, మళ్ళీ రాత్రికి తడిసే ఇనుము మీద ఆ ఉప్పు కూర్చుంటే తుప్పు తొందరగా మొదలవుతుంది. పైకి కనిపించే చుక్క చిన్నదే, రంగు కింద పాకిన తుప్పు దానికంటే వెడల్పు. అందుకే పెచ్చులు, గీతలు దిద్దే ఈ సామానుకి మార్కులు వేసే తీరు కూడా ఇక్కడ వేరుగా ఉండాలి. దిద్దిన చోటు కనబడకుండా పోయిందా అన్నది రెండో ప్రశ్న. ఇనుముకి నీరు, గాలి తగలకుండా మూత పడిందా అన్నది మొదటిది.

ఇంట్లో చేసుకునేవాళ్ళు కొనేవి ఐదు రకాలు: కారు కంపెనీ పేరుతో వచ్చే టచప్ సీసా (పెచ్చులు దిద్దే చిన్న రంగు సీసా), ఏ రంగుకైనా పనిచేస్తుందని అమ్మే పెన్ను, స్క్రాచ్ రిమూవర్ ట్యూబు, రబ్బింగ్ కాంపౌండ్ (పైపొరని అరగదీసే ముద్ద), స్ప్రే డబ్బా. ముందే తీర్పు కావాలంటే: సీసా కొనండి, దాని మూతకున్న కుంచె మాత్రం పారేయండి. కాంపౌండ్ కొనండి, తక్కువ వాడండి. ట్యూబు పైపై గీతలకి ఫరవాలేదు. పెన్నుకి పెట్టే డబ్బు దండగ. స్ప్రే డబ్బా జోలికి మొదటిసారే వెళ్ళకండి.

గీత ఎంత లోతు?

ఏ వస్తువు కొనాలో గీత లోతు చెబుతుంది, షాపువాడు కాదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు మందం మొత్తం కలిపినా మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త అటూఇటూ, అంటే సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. అందులో అట్టడుగున కరెంటు పెట్టి ముంచి పట్టించిన తుప్పునిరోధక పొర, దాని మీద బూడిదరంగు ప్రైమర్, ఆ పైన మన కంటికి కనిపించే అసలు రంగు, అన్నిటికీ మీద పారదర్శకమైన క్లియర్ కోట్. అసలు రంగు పొర చాలా పల్చన, 15 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. మెరుపూ, ఎండ నుంచి రక్షణా అన్నీ పైనున్న 40 మైక్రాన్ల క్లియర్ కోట్‌వే.

గీత మీద నీళ్ళు చల్లండి. తడి ఉన్నంతసేపూ గీత మాయమైతే అది క్లియర్ కోట్ దాటలేదు, కాంపౌండ్‌తో పోతుంది. తడిలోనూ కనిపిస్తుంటే గోరు అడ్డంగా లాగండి. గోరు పట్టుకుంటే కాంపౌండ్‌తో పూర్తిగా పోదు. లోపల బూడిదరంగు కనిపిస్తే రంగు పొర తెగింది. మెరిసే లోహమో, గోధుమరంగు మచ్చో కనిపిస్తే ఆ వారంలోనే పని పెట్టుకోవాలి. బంపర్ మీద నల్లగా కనిపిస్తే అది ప్లాస్టిక్. తుప్పు పట్టదు కాబట్టి తొందరేమీ లేదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభానికి రాసుకున్న కారు మీద కనిపించే తెల్లచారల్లో సగం గీతలే కావు, స్తంభం సున్నం మన రంగుకి అంటుకున్నది. జగదాంబ దగ్గర పార్కింగులో పక్క బండి రంగు అంటుకోవడమూ అంతే. మెత్తని గుడ్డకి కాస్త కిరోసిన్ గానీ, డబ్ల్యుడి-40 అనే నూనె స్ప్రే గానీ తడిపి రుద్దితే ఎంత పోతుందో చూసి, షాంపూ నీళ్ళతో కడిగి, ఆ తర్వాత మిగిలిన దాన్నే గీతగా లెక్కపెట్టాలి.

టచప్ సీసా

ఈ సామానులో ఉత్తమమైనది ఇదే. మారుతి సహా కొన్ని కంపెనీలు తమ జెన్యూన్ పార్ట్స్ కింద రంగు కోడ్ ప్రకారం ఈ సీసాలు అమ్ముతాయి. వేలెడంత సీసా, అయినా ఒక పెచ్చుకి పట్టేది పుల్ల మొన మీద నిలిచే చుక్క కాబట్టి డజన్ల కొద్దీ పెచ్చులకి సరిపోతుంది.

"తెలుపు", "సిల్వర్" అని అడిగి కొంటే పని చెడుతుంది. కోడ్ చెప్పి కొనాలి. టయోటా ప్లేటు మీద "సి/టిఆర్" అన్న చోట రాసి ఉండే రెండు కోడ్‌లలో మొదటిది రంగుది, సూపర్ వైట్ అయితే 040. హోండాలో డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, టాఫెటా వైట్ అయితే ఎన్‌హెచ్-578. మారుతిలో సుపీరియర్ వైట్ 26యు, సిల్కీ సిల్వర్ జడ్2ఎస్. బోనెట్ కింద ప్లేటు మీదో, డోరు స్తంభం మీదో వెతికితే దొరుకుతుంది. మసి పట్టి కనిపించకపోతే ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో చూసి చెప్తారు.

కోడ్ సరిపోయినా రంగు అచ్చంగా కలవకపోవచ్చు. ఐదారేళ్ళు బీచ్ రోడ్డు ఎండలో నిలిచిన ఎరుపు కొత్త ఎరుపుతో కలవదు. సీసాని రెండు మూడు నిమిషాలు, లోపలి గోళీ టకటక మోగేలా ఆడించి, తెల్ల అట్టముక్క మీద చుక్క పెట్టి, ఆరాక కారు పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద చూడొద్దు. సరిగ్గా ఆడించని సీసాలో రంగుపొడి అడుగునే ఉండిపోతుంది, పైన తేలిన పల్చని ద్రవం ఎన్ని పూతలు వేసినా కప్పదు. "రంగు నాసిరకం" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. వెలిసిన పాత కారైతే పెట్రోలు మూత ఊడదీసి గాజువాక ఆటోనగర్‌లో రంగు కలిపే షాపుకి పట్టుకెళ్ళడం మేలు. మూత పక్కన పెట్టుకుని సరిచూసి కలుపుతారు. వాళ్ళు ఇచ్చేది స్ప్రే గన్‌కి పనికొచ్చే రంగు. ఏ థిన్నర్ ఎంత కలపాలో, పైన ఏ క్లియర్ వెయ్యాలో అప్పుడే అడిగి డబ్బా మీద రాయించుకోండి.

తెలుపు లాంటి సాదా రంగుల్లో సీసా పనితనం బాగుంటుంది, నాలుగడుగుల దూరం నుంచి పెచ్చు కనిపించదు. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్‌లలో అంత ఆశ పెట్టుకోవద్దు. ఆ రంగుల్లో అల్యూమినియం రేకులు ఉంటాయి. గన్‌తో కొట్టినప్పుడు అవి పడుకుని వెలుగుని తిప్పికొడతాయి. పుల్లతో పెట్టినప్పుడు ఎటుపడితే అటు నిలబడతాయి, అందుకే అదే రంగు ముదురుగా కనిపిస్తుంది. అది సీసా తప్పు కాదు, పద్ధతి హద్దు. ముత్యపు తెలుపైతే కింద ఒక తెలుపు, మీద ముత్యం పూత, ఆపైన క్లియర్. ఒక్క సీసాతో అది తేలదు. దానికి రెండు సీసాలు అడగాలి.

ఇక మూత కుంచె. దాంతో పెచ్చు దిద్దడం చీపురుతో కాటుక పెట్టడమే. పెచ్చు ఒక మిల్లీమీటరు, కుంచె మూడు మిల్లీమీటర్లు. రంగు గుంటలో కంటే చుట్టూ ఎక్కువ పడి ఉబ్బెత్తు బొట్టుగా ఆరుతుంది. తయారీదారులు ఎందుకు మార్చరో తెలియదు గానీ, మొదటిసారి చేసేవాళ్ళ పని అసహ్యంగా కనిపించడానికి ఈ కుంచె ఒక్కటి చాలు. పెచ్చుకి పళ్ళపుల్ల, సన్న గీతకి స్టేషనరీ షాపులో దొరికే సున్నా నంబరు చిత్రకళ కుంచె వాడండి.

పెచ్చు పూడ్చడం

నీడ ఉండాలి, గాలి విసురుగా ఉండకూడదు, బోనెట్ మీద చెయ్యి హాయిగా ఆనాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరిపోయాక పొద్దున తొమ్మిది దాటి మధ్యాహ్నం లోపు మంచి సమయం. వానాకాలంలో తప్పనిసరి అయితే తెరిపి ఇచ్చిన రోజు చూసుకోవాలి.

మొదట కడగడం. పొడిగుడ్డతో దుమ్ము తుడవొద్దు. పోర్టు పక్క పేటల్లో, పాతనగరంలో నిలిపిన కార్ల మీద పడే నల్లదుమ్ము గరుకుది, పొడిగా తుడిస్తే కొత్త గీతలు మనమే గీసినట్టు. మంచినీళ్ళు ధారగా పోసి దుమ్ము పోగొట్టి, కారు షాంపూతో కడిగి, పెచ్చు దగ్గర మరోసారి మంచినీళ్ళతో ఉప్పు పోయేలా బాగా జాడించాలి. ఈ ఒక్క పని విశాఖలో తప్పించుకోకూడదు. ఉప్పు మీద రంగు వేస్తే ఆ ఉప్పు పొరలోంచి తేమని లాగుతుంది, కొన్ని నెలల్లో అక్కడ బొబ్బ లేస్తుంది.

ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగంసగం, అంటే 50 మిల్లీలీటర్లకి 50, కలిపి తుడవాలి. పాత మైనం, జిడ్డు పోతాయి. ఇంట్లో ఉంది కదా అని చేతుల శానిటైజర్ వాడొద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, అది మిగిలిన చోట రంగు పట్టదు.

పెచ్చు అంచులు వదులుగా ఉంటే సూదిమొనతో గీరి తీసేయండి. గోధుమరంగు కనిపిస్తే అది పూర్తిగా పోయి తెల్లటి లోహం కనిపించేదాకా గీరాలి. సందుల్లో మిగిలిన తుప్పుకి రస్ట్ కన్వర్టర్ (తుప్పుని కదలని పొరగా మార్చే ద్రవం) ఒక చుక్క పెట్టి, దాని డబ్బా మీద రాసినంతసేపు వదలాలి. తుప్పు మీదే రంగు పెట్టేసి "కప్పేశాం" అనుకుంటే ఒక్క వానాకాలం ఆగితే చాలు, అది మళ్ళీ పైకి వస్తుంది.

లోహం బయటపడితే ప్రైమర్ తప్పదు. టచప్ సీసాలోని రంగు ప్రైమర్ కాదు, తుప్పుని ఆపే గుణం దానికి లేదు. కిట్ అని అమ్మేవాటిలో చాలావాటికి ప్రైమర్ ఉండకపోవడం మా దృష్టిలో పెద్ద లోటు, ముఖ్యంగా సముద్రపు ఊరిలో. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ అన్నిటికంటే గట్టిది, కానీ నాలుగు చుక్కల కోసం అది కలపడం దండగ. లోహానికి పట్టే ఆటోమోటివ్ ప్రైమర్ స్ప్రే డబ్బా తీసుకుని, దాని మూతలోకే కొద్దిగా కొట్టి, పుల్లతో ముంచి పెట్టుకుంటే సరిపోతుంది. పల్చగా ఒక్క పూత. గేట్లకి వేసే రెడ్ ఆక్సైడ్ మాత్రం వద్దు. అది నెమ్మదిగా ఆరే ఎనామెల్ జాతి. టచప్ రంగులోని ఘాటు థిన్నర్ దాని మీద పడగానే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది.

ప్రైమర్ గంట ఆరాక రంగు. పుల్ల మొనని రంగులో ముంచి, సీసా అంచుకి తాకించి ఎక్కువైనది వదిలేసి, పెచ్చు మధ్యలో ఆనించండి. రుద్దొద్దు, గీయొద్దు. చుక్క తనంతట తానే అంచుల దాకా పాకుతుంది. పాకకపోతే రంగు చిక్కగా ఉన్నట్టు. ఒక్కసారే గుంట నింపాలని చూడకండి. అందులో ద్రవం ఆవిరైపోయాక మిగిలేది సగం కంటే తక్కువ, అందుకే నిండుగా పెట్టింది మర్నాటికి గుంటపడి కనిపిస్తుంది. మందంగా పెడితే ఇంకో చిక్కు: పైన తోలు కడుతుంది, లోపల మెత్తగా ఉండిపోతుంది. పల్చని పూతలు మూడు నుంచి ఐదు, ఒక్కోదానికి మధ్య ముప్పావుగంట, తేమ ఎక్కువున్న రోజు గంట. రంగు చుట్టూ ఉన్న మట్టానికి కాస్త దిగువన ఆగాలి, ఎందుకంటే పైన క్లియర్ రావాలి. క్లియర్ రెండు మూడు చుక్కలు, చివరిది మట్టం కంటే వెంట్రుకవాసి ఎత్తులో ఉండేలా.

చుట్టూ మాస్కింగ్ టేపు వేయాలన్న సలహా తరచు వినిపిస్తుంది. పెచ్చుకి అది చెరుపే. టేపు అంచున రంగు గట్టు కడుతుంది, తర్వాత దాన్ని అరగదీయడం అదనపు పని.

పక్కకి జారితే? ఆరకముందే గుడ్డకి ఆల్కహాల్ తడిపి తుడిచేయండి. ఆరిపోతే, గట్టి అట్టకి బిగుతుగా చుట్టిన నూలుగుడ్డని థిన్నర్‌తో చెమ్మ చేసి, తడిచేసి కాదు, ఒక్కసారి తేలిగ్గా లాగితే ఉబ్బెత్తు కరిగి మట్టానికి వస్తుంది. ఫ్యాక్టరీలో వేడికి గట్టిపడిన రంగు ఆ ఒక్క తుడుపుకి చలించదు. కానీ ఇదివరకే పెయింటింగ్ షెడ్డులో ఎన్‌సి రంగు (నైట్రోసెల్యులోజ్, థిన్నర్‌కి కరిగే రకం) వేయించిన ప్యానెల్ అయితే మొత్తం కరిగి గుడ్డకి వచ్చేస్తుంది. అందుకని ముందు డోరు లోపలి అంచున పరీక్షించండి. హెడ్‌లైట్ మీద థిన్నర్ చుక్క కూడా పడకూడదు, ఆ ప్లాస్టిక్ బీటలు వారుతుంది.

తెల్లమసక

మన ఊరిలో మొదటిసారి చేసేవాళ్ళని ఎక్కువగా బెదరగొట్టేది ఇది. పెట్టిన చుక్క ఆరుతుంటే పైన పాలు పోసినట్టు తెల్లబారుతుంది. పెయింటర్లు దీన్ని బ్లషింగ్ అంటారు. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి మంచులా దిగి పొరలో చిక్కుకుంటుంది. ముదురు రంగుల్లోనూ క్లియర్‌లోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పూత పాడైందని గీకేయకండి. ఎండ కాసిన పొడిరోజు వచ్చాక పుల్లతో థిన్నర్ ఒక్క చుక్క ఆనిస్తే పొర కరిగి, తేమ బయటికి పోయి, మళ్ళీ స్పష్టంగా ఆరుతుంది. తేమ తప్పని రోజుల్లో రంగుకి నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ ఐదారు చుక్కలకి ఒక చుక్క కలపండి. ఆరడం ఆలస్యమవుతుంది, అంతే.

మట్టం చేయడం: వాటర్ పేపర్

ఇక్కడ ఓపిక లేనివాళ్ళు చేసిన పనంతా పాడుచేసుకుంటారు. కనీసం వారం ఆగాలి. అంతకంటే ముందు రుద్దితే మెత్తటి రంగు పేపర్‌కి అతుక్కుని గుంటలోంచి మొత్తంగా ఊడొస్తుంది. మూత పడింది, తుప్పు రాదు, బొట్టు కాస్త ఉబ్బెత్తుగా ఉంది, అది మీకు ఫరవాలేదు అనిపిస్తే ఇక్కడే ఆపేయండి. నిజానికి మొదటిసారి చేసేవాళ్ళకి మా సలహా అదే.

ముందుకెళ్ళేవాళ్ళకి: 2000, 3000 నంబరు వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ మెత్తన) చాలు. 1000 కొనకండి, అది కొత్తవాళ్ళ చేతిలో క్లియర్ కోట్‌ని తినేస్తుంది. పేపర్‌ని షాంపూ చుక్క వేసిన నీళ్ళలో పావుగంట నానబెట్టి, బొటనవేలి గోరంత ముక్క కత్తిరించి, స్కూలు పిల్లల రబ్బరు అంచుకి చుట్టండి. వేలితో పట్టి రుద్దితే వేలిమొన చుట్టూ గుంట పడుతుంది. బొట్టు మీద మాత్రమే, తడిగా, బరువు వేయకుండా, పది పదిహేను సార్లు లాగి తుడిచి చూడండి. తుడిచాక చుట్టుపక్కల మసకబారి, బొట్టు కూడా అంతే మసకగా కనిపిస్తే మట్టానికి వచ్చినట్టు. తర్వాత 3000తో మరో పది.

నీళ్ళ రంగు చూస్తూ ఉండాలి. క్లియర్ కోట్ ఉన్న కారుకి పాలనీళ్ళు వస్తాయి. చుక్క బయట కారు రంగు నీళ్ళు రావడం మొదలైతే క్లియర్ అయిపోయింది, ఇక అది ఇంటిపని కాదు. డోరు మడతలు, బోనెట్ గీతలు, అంచుల మీద రంగు ఎప్పుడూ పల్చన. అక్కడ పేపర్ పెట్టనే వద్దు.

రబ్బింగ్ కాంపౌండ్, స్క్రాచ్ రిమూవర్ ట్యూబు

రెండిటి పనీ ఒకటే: గీత చుట్టూ ఉన్న క్లియర్‌ని అరగదీసి గీత లోతుకి దించడం. గీతని ఏదీ పూడ్చదు. షాపుల్లో 3ఎం రబ్బింగ్ కాంపౌండ్ తేలిగ్గా దొరుకుతుంది, చేత్తో చేసే పనికి సరిపోతుంది. వాటర్ పేపర్ చేసిన మసకని అది తీసేస్తుంది, కానీ నలుపు, ముదురు నీలం మీద సన్నని చారలు వదులుతుంది కాబట్టి మీద పాలిష్ ఒక విడత తప్పదు. మెగ్వయర్స్ వాళ్ళ అల్టిమేట్ కాంపౌండ్, స్క్రాచ్‌ఎక్స్ దానికంటే మెత్తనివి, ఆ చారలు తక్కువ వదులుతాయి. ధర ఎక్కువే. మెగ్వయర్స్‌ని 2008లో 3ఎం కొనేసింది, కాబట్టి ఏది కొన్నా డబ్బు ఒకే ఇంటికి చేరుతుంది.

రూపాయి బిళ్ళంత కాంపౌండ్ ఫోమ్ ప్యాడ్ మీద వేసుకుని, అడుగు పొడవు అడుగు వెడల్పు మించని చోట, నాలుగైదు నిమిషాలు ఓ మోస్తరు ఒత్తిడితో రుద్ది, ఆరిపోకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి. ఎండలో చేస్తే కాంపౌండ్ పిడచకట్టి అదే గీతలు గీస్తుంది. ప్యాడ్ కింద పడిందా, ఇసుక అంటుకుంటుంది, కడగకుండా మళ్ళీ వాడొద్దు. మిషన్ అద్దెకి తెచ్చి మొదటి రోజే బోనెట్ మీద పెట్టేవాళ్ళు ఉన్నారు. అంచు దగ్గర రెండు సెకన్లు ఆగితే చాలు, రంగు కాలిపోతుంది. సెరామిక్ కోటింగ్ చేయించిన కారైతే కాంపౌండ్ ఆ పూతని కూడా తీసేస్తుందని గుర్తుంచుకోవాలి.

ట్యూబుల్లో కొన్ని నిజంగా అరగదీస్తాయి, కొన్నిట్లో నూనె, మైనం ఎక్కువ. రెండో రకం రాయగానే గీత మాయమైపోయి మనసు సంతోషిస్తుంది, మూడో కడుగుకి గీత తిరిగొస్తుంది. తేల్చుకోవడం తేలిక: రాసి తుడిచాక ఆల్కహాల్ నీళ్ళతో మళ్ళీ తుడవండి. గీత తిరిగి కనిపిస్తే ట్యూబు చేసింది కప్పడమే. కొబ్బరినూనె రాసినా అదే ఫలితం, అదీ చౌకలో. పళ్ళపేస్టు చిట్కా పూర్తిగా అబద్ధం కాదు, అందులో మెత్తని గరుకుపొడి ఉంటుంది. కానీ ఒక్కో పేస్టు ఒక్కో తీరు, కారు రంగు కోసం చేసినదైతే కాదు.

పెన్ను, స్ప్రే డబ్బా

ఏ రంగుకైనా పనిచేస్తుందనే పెన్నులో ఉండేది పారదర్శక ద్రవం. లేని రంగుని అది తేలేదు. క్లియర్ కోట్ గీతని తాత్కాలికంగా పూడ్చవచ్చు, దానికి కాంపౌండ్ ఎలాగూ ఉంది. బూడిదరంగు కనిపించే గీత మీద పెన్ను గీస్తే మెరిసే బూడిదరంగు గీత మిగులుతుంది. రంగు కోడ్ ప్రకారం కంపెనీ ఇచ్చే పెన్నుల సంగతి వేరు. అవి సీసా లాంటివే, మొన మాత్రం లావు.

స్ప్రే డబ్బాలో సరుకు మంచిదే కావచ్చు. చిక్కంతా పని పరిమాణంలో ఉంది. పెచ్చు మిల్లీమీటరు, డబ్బా తుంపర జానెడు. పాత రంగులో కొత్త రంగు అంచు కలపడం చెయ్యి తిరిగిన పెయింటర్‌కే కష్టం. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఆరుబయట కొడితే తుంపర పక్కింటి కారు మీద, దుమ్ము మన రంగు మీద. పైగా ఒకే డబ్బాలో వచ్చే సాధారణ క్లియర్‌కి పెట్రోలు పడదు, పెట్రోలు మూత చుట్టూ వేస్తే కారిన ప్రతిసారీ మరక. గట్టిపడే ద్రవం విడిగా కలిసే రెండు భాగాల క్లియర్ డబ్బాలు మేలైనవే, కానీ వాటిలో ఐసోసయనేట్లు, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలు, ఉంటాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు, తగిన రెస్పిరేటర్ లేకుండా ఇంటి దగ్గర కొట్టకూడదు. డబ్బా పనికొచ్చేది నల్ల ప్లాస్టిక్ ముక్కలకీ, వీల్ కప్పులకీ, విడదీసి కొట్టగలిగిన వాటికీ. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, పల్చని పూతలు, అంతే.

షెడ్డుకి ఎప్పుడు

జానెడు కంటే పొడవైన గీత రంగు దాటి లోతుకి పోతే, సొట్ట పడి రంగు పగిలితే, రంగు కింద తుప్పు బొబ్బలు లేస్తే సీసా, పుల్ల పక్కన పెట్టేయండి. బొబ్బలంటే తుప్పు లోపలి నుంచి వస్తోందని అర్థం. బంపర్ మీద పెద్ద గీత కూడా అంతే. ఆ ప్లాస్టిక్‌కి ప్రత్యేక ప్రైమర్ లేకుండా రంగు పట్టదు, వంగినప్పుడు పెచ్చులు లేస్తుంది. షెడ్డులో అడగాల్సినవి మూడు: రంగు కోడ్ ప్రకారం మిషన్ మీద కలుపుతారా, పైన రెండు భాగాల క్లియర్ వేస్తారా, దుమ్ము పడని గదిలో కొడతారా. మూడో దానికి తటపటాయిస్తే, పక్కనే గ్రైండర్ తిరుగుతున్న చోట మీ బోనెట్ ఆరుతుందన్నమాట.

ఇన్సూరెన్సు ఉంది కదా అనుకునేవాళ్ళు ఒక లెక్క వేసుకోవాలి. 1500 సీసీ లోపు కారుకి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మనమే కట్టుకునే వాటా 1000 రూపాయలు, దాటితే 2000. క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళు నడిపితే వచ్చే నో క్లెయిమ్ బోనస్, సొంత నష్టం (మన కారుకి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. ఒక్క గీతకి క్లెయిమ్ పెడితే, ఆ బోనస్‌కి విడిగా రక్షణ కొనుక్కోకపోతే, అది సున్నాకి పడిపోతుంది.

సీసా దాచుకోవడం

వాడాక సీసా మూతి మీది మర చుట్లలో పేరుకున్న రంగుని థిన్నర్ గుడ్డతో తుడిచి మూత బిగించండి. తుడవకపోతే మూత అతుక్కుపోతుంది, లేదా సందులోంచి థిన్నర్ ఆవిరై రంగు జిగురవుతుంది. కారు డాష్‌బోర్డు అరలో పెట్టొద్దు, వేసవిలో అక్కడి వేడికి పాడవుతుంది, మండే సరుకు కూడా. ఇంట్లో చల్లని చోట, నిలువుగా, తెరిచిన తేదీ రాసిన చీటీతో ఉంచండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో కొత్త పెచ్చు కనిపించి, రంగు వేసే వీలు లేకపోతే, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పైన పారదర్శక టేపు ముక్క అతికించండి. పొడిరోజు రాగానే టేపు తీసి, దాని జిగురుని ఆల్కహాల్‌తో తుడిచి, పని మొదటి నుంచి మొదలుపెట్టాలి. కొత్తగా దిద్దిన చోట మైనం రాయడానికి మాత్రం నెల రోజులు ఆగండి, అప్పటిదాకా అది ఇంకా ఆరుతూనే ఉంటుంది.